రెండు లక్షల మంది చూసిన వేలు

మా తాత పేరు బక్కయ్య. గద్వాలలో మగ్గాలున్న ఇళ్ళకు పట్టుకూ నూలుకూ రంగు వేసి ఇవ్వడం ఆయన పని. డెబ్బైనాలుగేళ్ళ వయసులో అరవై ఏళ్ళు ఉడుకుతున్న రంగునీళ్ళ ముందే గడిచాయి. ఆయన చెప్పుకునే గొప్పలు రెండే. ఒకటి, తను వేసిన రంగు దిగదు. రెండు, ఓటుహక్కు వచ్చిన నాటి నుంచి ఒక్క ఎలక్షన్ కూడా తప్పలేదు. మొదటిదానికి ఊరంతా సాక్షులున్నారు. రెండోదానికి ఆయనే సాక్షి, ఆయనే జడ్జి. మా పెద్దత్త పుట్టిన రోజున నానమ్మను దవాఖానలో కూర్చోబెట్టి, పోయి ఓటేసి వచ్చాడట. ఆ సంగతి మా నానమ్మ బాలనాగమ్మ కూడా ఇప్పటికీ చెబుతుంది, కాకపోతే గొప్పగా చెప్పదు.

నేను సింధూజను. ఇంటర్ మొదటి ఏడాది సగంలో చదువు ఆగిపోయింది. కాలేజీని నేను వదిలానా, నన్ను కాలేజీ వదిలిందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. దారం చుట్టడం, ఫోన్ చూడటం, ఈ రెండు పనులూ నాకు బాగా వచ్చు. రెండూ ఒకేసారి చేస్తే తాతకు కోపం వస్తుంది.

2023 చలికాలంలో అసెంబ్లీ ఎలక్షన్లయిన సాయంత్రం ఆయన ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు.

"నా ముందర ముసలోల్లే, నా యెనక ముసలోల్లే. ఓట్ల లైనా, బీపీ గోలీల లైనా తెల్వలే" అన్నాడు.

పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న ఒక స్నేహితుణ్ణి పట్టుకుని మా గల్లీ లెక్క తీశాడు. ఇరవై అయిదేళ్ళ లోపువాళ్ళు నలభై రెండు మంది. ఓటేసింది పదకొండు మంది.

ఆ లెక్క ఆయనకెందుకంటే, మా గల్లీ నడుమ ఒక మోరీ ఉంది. రంగునీళ్ళన్నీ అందులోకే పోతాయి. ఎరుపు వేసిన రోజు ఎర్రగా, పచ్చ వేసిన రోజు పచ్చగా పారుతుంది. దానికి మూత లేదు. ప్రతి ఎలక్షన్ ముందు ఎవరో ఒక నాయకుడు వచ్చి, ముక్కు మూసుకుని చూసి, మూత వేయిస్తానని మాట ఇచ్చి పోయేవాడు. ఆ ఏడాది మాట ఇవ్వడానికి కూడా ఎవరూ రాలేదు. ప్రచారం జీపు మూలమలుపు దాకా వచ్చి అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

"ఓట్లు పడని గల్లీకి ఎవడొస్తడు? మాట తప్పెటోడన్న రావాలె గద" అన్నాడు తాత.

ఎంపీ ఎలక్షన్లు ఎండాకాలంలో ఉన్నాయి. అప్పటికి నాకూ పద్దెనిమిది నిండుతాయి కాబట్టి లెక్క నలభై మూడు అయింది. ఆ నలభై మూడు మందినీ బూత్ దాకా నడిపించాలని తాత పట్టు పట్టాడు. ముందు ఇంటింటికీ తిరిగాడు. మా గల్లీ పిల్లలకు పెద్దవాళ్ళంటే గౌరవమే. తలలు ఊపారు. ఊపుతున్నంతసేపూ కళ్ళు మాత్రం ఫోన్ల మీదే ఉన్నాయి. వాళ్ళందరికీ పెద్ద జితేందర్. చీరల పార్సిళ్ళు బస్సుకు ఎక్కించే పని వాడిది. వాడు ఎటు పోతే మిగతావాళ్ళు అటే.

"తాతా, ఓటేస్తే ఏమొస్తది?" అన్నాడు జితేందర్.

"ఏం రాదు. ఎయ్యకుంటే జీపు గూడ రాదు."

"జీపొస్తే దుమ్ము లేస్తది తాతా. అమ్మకు ఊరికే ఊడ్చే పని."

తాత ఇంటికి వచ్చి నా ముందు కూర్చున్నాడు. "అందరు ఫోన్లనే ఉన్నరు గద. నన్ను గూడ అందుల్ల ఎయ్యి" అన్నాడు.

వేశాను. మొదటి వీడియోకు తలకు నూనె రాసుకుని, పెళ్ళినాటి చొక్కాలాంటి చొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను ఫోన్ పట్టుకోగానే "హలో! హలో! ఇనవడుతుందా?" అని గల్లీ అదిరేలా అరిచాడు.

"తాతా, ఇది ఫోన్ గాదు, వీడియో."

"నీ చేతుల ఉన్నది ఫోనే గద?"

ఆ వీడియోను మొత్తం పదిహేడు సార్లు చూశారు. అందులో తొమ్మిది సార్లు చూసింది ఆయనే. తన ముఖం తనకు బాగా నచ్చింది.

తరువాత నాకొక ఉపాయం తట్టింది. తాత రంగు వేస్తుంటే తీశాను. తెల్లటి పట్టు రంగునీళ్ళ గుండిలో మునిగి, కర్రతో పైకి లేచేసరికి దానిమ్మ గింజల రంగులో ఉంటుంది. మాకు రోజూ చూసేదే కానీ ఫోన్లో చూసినవాళ్ళకు మతి పోయింది. నలభై వేల మంది చూశారు. పట్టు మునిగి లేచే ఆ కాస్త సమయంలో తాత ఓటు గురించి రెండు మాటలు చెప్పేలా అమర్చాను. కళ్ళు రంగు మీద ఉంటే చెవులు ఎటూ పోలేవు కదా అనుకున్నాను.

సాయంత్రం కామెంట్లు చదివి వినిపించమన్నాడు.

"శ్రీరంగాపూర్ నుంచి ఒకామె ఆ ఎర్ర చీర ధర ఎంత అంటుంది. వనపర్తి నుంచి ఒకడు తాత బనీను ఉతకండి అంటుండు."

"ఓటు ముచ్చట ఎవడన్న అడిగిండా?"

"ఒకడు అడిగిండు."

"ఏమని?" తాత ముందుకు వంగాడు.

"ఆ ఓటు ముచ్చట తీసేసి ఒట్టి రంగు పెట్టమని."

తాత నవ్వలేదు. నేనే నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వకపోతే బాగుండేదనిపిస్తుంది.

అయినా పని ఆపలేదు. ఓటర్ల లిస్టులో పేర్లు లేని ఆరుగురికి నా ఫోన్ నుంచే దరఖాస్తులు పెట్టాం. నితిన్ అనే అబ్బాయి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటే "అమ్మో, బ్యాంకుల పైసలు పోతయి" అని పరుగెత్తాడు. వాడి బ్యాంకులో ఏముందో గల్లీ అంతటికీ తెలుసు. తాత వాడి ఇంటి గుమ్మం ముందు కూర్చుని, వాడు అన్నానికి వచ్చినప్పుడు పట్టుకున్నాడు. అట్లా నలభై మూడు పేర్లూ లిస్టులోకి ఎక్కాయి. ఆ లిస్టు పని చూసేది అంగన్‌వాడీ టీచర్ నవనీత మేడమ్. "మా ఆఫీసర్లకన్న నువ్వే నయం తాతా" అందామె. ఆ మాటకు తాత వారం రోజులు తిండి ఎక్కువ తిన్నాడు.

పోలింగ్ ఇంకా తొమ్మిది రోజులుందనగా తాత ఇంకో వీడియో అడిగాడు. సిరా గుర్తున్న వేలు చూపించి, నా వేలు ఇది, మీ వేలు ఏది అని అడగాలట. నేను స్కెచ్ పెన్ను తెచ్చాను. తాత నన్నూ పెన్నునూ ఒకే చూపుతో చూశాడు.

"అరవై ఏండ్ల సంది రంగులేసెటోని వేలికి స్కెచ్ పెన్నా? చేత్తో తుడిస్తే పోయేది గూడ ఒక రంగేనా?"

కొట్టులో మూల ఉన్న పాత డబ్బాలు దించాడు. ఇప్పుడు రంగులన్నీ పొట్లాల్లో వస్తున్నాయి కానీ ఆయన చిన్నప్పుడు నలుపు చేసుకోవాల్సి వచ్చేదట. కరక్కాయ పొడి నీళ్ళతో నూరి ఎడమ చూపుడువేలికి గీతలా పట్టించాడు. ఎండాక అన్నభేది కరిగించిన నీళ్ళలో వేలు ముంచాడు. ఇనుము చేరిన ఆ నీళ్ళు తగలగానే బురదరంగు ముద్ద మా కళ్ళముందే నల్లబడింది. చాలదని మూడుసార్లు ముంచాడు. గోటి మీద నుంచి కిందికి నల్లటి గీత నిజం సిరా కంటే నిజంగా వచ్చింది.

"తాతా, నువ్వు మల్ల నిజం ఓటు ఎయ్యాలె గద. ఇది ఎట్ల పోతది?"

"తొమ్మిది దినాలుంది. తోలు ఊడుతనే ఉంటది, కొత్తది వస్తనే ఉంటది."

తోలు సంగతి సరే. గోరు సంగతి ఆయనా మరిచాడు, నేనూ మరిచాను.

వీడియో కింద మాటలు రాసింది నేనే. "మా తాత ఓటేసిండు. మరి మీరు?" అని పెట్టాను. చాలా తెలివిగా రాశాననుకున్నాను. ఈ ఒక్క పనికి తాత మీద నింద వేయడానికి లేదు.

సాయంత్రానికి తొమ్మిది వేలు. పొద్దున్నకు ఎనభై వేలు. మూడో రోజుకు రెండు లక్షలు దాటింది. తాత మిర్చిబజ్జీలు తెప్పించి గల్లీలో పంచాడు. "రెండు లక్షల మందికి ఎక్కింది. మన నలభై మూడు ఎంత!" అన్నాడు. నోట్లో బజ్జీ ఉండగా నేను కామెంట్లు తెరిచాను. ఇక మింగుడు పడలేదు.

ఎలక్షన్‌కు ఇంకా వారం ఉంటే ముసలాయన ఎట్లా ఓటేశాడని ఒకరు. గద్వాలలో దొంగ ఓట్లు మొదలయ్యాయని ఒకరు. అది చూసి ఇంకొందరు, ఇంకొందరిని చూసి ఎందరో. ఎవడో ఆ వీడియోను తీసుకుని, తాత మాట తీసేసి, తన గొంతు పెట్టాడు. "చూడండి, ఓట్లు ముందే వేయించుకున్నారు" అని ఆ గొంతు చెబుతుంటే మా తాత వేలు ఊపుతూ నవ్వుతున్నాడు. నాగర్‌కర్నూల్ వాట్సాప్ గ్రూపుల్లో, వనపర్తి హాస్టల్ పిల్లల ఫోన్లలో అదే తిరిగింది. పెద్దమందడి నుంచి ఒకాయన నంబరు సంపాదించి ఫోన్ చేసి, తాతను పేరు పెట్టి తిట్టాడు. తాత ఆయనకు కూడా ఓటేయమనే చెప్పాడు.

జితేందర్ తన ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అయిపోయింది తాతా. ఓట్లు ముందే పడ్డయంట. ఇగ మేం పోయి ఏం జేస్తం?"

"అరే, అది నా వేలురా!"

"నీ వేలే తాతా. నేను కాదన్ననా?"

"నేను రంగేసుకున్నరా. నువ్వు ఆ దినం ఈడనే ఉంటివి గద!"

"నాకు తెల్సు తాతా. రెండు లక్షల మందికి తెల్వదు గద. ఒక్కడ్ని నేను నమ్మి ఏం జేయాలె?"

వాడు తాతను ఎగతాళి చేయడానికి రాలేదు. వాడికి నిజం తెలుసు. పోలింగ్ రోజు ఇంట్లో పడుకోవడానికి సాకు ఒకటి దొరికింది, అంతే. ఆ సాకు మేమే తయారుచేసి ఇచ్చాం.

మర్నాడు నవనీత మేడమ్ చెమటలు కక్కుతూ వచ్చింది. "తాతా, జల్ది తీసెయ్యుండ్రి. పైనుంచి నన్ను అడుగుతున్నరు, ఆ ముసలాయన ఎవరని." తీసేశాను. మా దగ్గర పోయింది కానీ జనం దగ్గర ఉన్నది పోలేదు. మేడమ్ వెళ్తూ వెళ్తూ తాత వేలు పట్టుకుని చూసింది. "ఇది మాత్రం ఆ దినానికి పోవాలె తాతా. వేలికి గుర్తుంటే లోపల ఓటు ఎయ్యనియ్యరు."

తాత అదే రోజు నిజం చెబుతూ ఇంకో వీడియో చేశాడు. కరక్కాయ చూపించాడు, అన్నభేది చూపించాడు, వేలు ఎట్లా ముంచాడో అంతా చెప్పాడు. చేతులు జోడించాడు. దాన్ని రెండు వందల పన్నెండు మంది చూశారు. కింద ఒక్కటే కామెంట్ వచ్చింది: "పాపం, పెద్దాయనతో బలవంతంగా చెప్పించిండ్రు."

ఆ వారమంతా ఇంట్లో వేలి గొడవే. నిమ్మకాయ రుద్దాడు, చింతపండు రుద్దాడు, కిరసనాయిలు రుద్దాడు, ఇసుకరాయితో గీకాడు. తోలు మీది నలుపు చాలావరకు పోయింది. గోటి మీదిది పోలేదు. నానమ్మది రాయచూరు వైపు పుట్టిల్లు. కోపం వస్తే పిలుపు కన్నడంలో వస్తుంది. "ఏన్రీ, దిగని రంగని ఊరంతా చెప్పుకుంటివి గద? ఇప్పుడు దించు" అని తిరుగుతూ మాటలతో పొడిచింది. తాత గోరు మూలం దాకా కత్తిరించుకున్నాడు. రక్తం వచ్చింది. మిగిలిన ముక్క మీద కూడా నల్లగీత అట్లాగే ఉంది.

పోలింగ్ రోజు పొద్దున ఆరున్నరకే వెళ్ళాం. లోపలికి ఫోన్లు తేవద్దంటారని నాది ఇంట్లో పెట్టాను. బడిగదిలో పోలింగ్. మగవాళ్ళ వరుసలో తాత, ఆడవాళ్ళ వరుసలో నేను, ఇద్దరం ఒకేసారి గది లోపలికి వచ్చాం. పేరు చదివారు. తాత ఓటరు చీటీ పట్టుకుని సిరా సీసా దగ్గరున్న ఉద్యోగి ముందు నిలబడి, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు.

"పెద్దాయనా, ఓటేసినవా?"

"ఎయ్యనీకెనే వచ్చిన సార్."

"మరి ఇదేంది?"

"రంగు సార్. కరక్కాయ రంగు. ముందుగాల కరక్కాయ నూరి..."

ఇంత కష్టంలోనూ ఆయనకు తన పని గురించి చెప్పడం మొదలుపెడితే సంతోషమే. వెనకవాళ్ళు గొణిగారు. బల్ల అవతల కూర్చున్న ఒక పార్టీ ఏజెంటు, నా కంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో, లేచి నిలబడ్డాడు.

"సార్, ఈయననే. ఈయన వీడియో నేను చూసిన. రెండు లక్షల మంది చూసిండ్రు. ఓటేసిన అని ఈయన వేలు సూపించిండు. నేను ఒప్పుకోను."

పోలింగ్ పెద్ద ఆఫీసర్ వచ్చాడు. మంచివాడే. రిజిస్టరు తిప్పి చూశాడు, తాత వేలును వెలుతురుకు పట్టి చూశాడు.

"నీ పేరు ముందర సంతకం లేదు. నువ్వు అబద్ధం చెప్తున్నవని నేను అనుకుంటలేను" అన్నాడు. "కాని వేలికి గుర్తుంటే ఓటు ఎయ్యనియ్యద్దని రూల్ ఉంది. ఏజెంటు గూడ ఒప్పుకుంటలేడు. నా చేతుల లేదు తాతా."

"ఇంక తొమ్మిది వేల్లు సాఫ్‌గ ఉన్నయి సార్" అన్నాడు తాత.

ఎవరూ నవ్వలేదు. నేను "సార్, ఆ రాత రాసింది నేను. తప్పు నాది" అని అరిచాను. "నీ ఓటు నువ్వు ఏసుకొని పో బిడ్డా" అన్నాడు ఆఫీసర్. తాత నావైపు చూసి, పో అన్నట్టు గడ్డం ఎత్తాడు. ఒక పోలీసు ఆయన భుజం మీద మెల్లగా చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు. నా వేలికి సిరా పెట్టారు. ఏ గుర్తు మీద నొక్కానో చెప్పను కానీ, నొక్కినప్పుడు నాకు ఎదురుగా అక్షరాలు సరిగా కనబడలేదు.

బయటికి వచ్చేసరికి తాత రోడ్డు అవతల, మూసిన టైలరు దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని వేలు అటూ ఇటూ తిప్పాడు.

"సన్నగ గీసిండ్రు. జర దిట్టంగ పెట్టాలె" అన్నాడు.

"ఇంటికి పోదాం తాతా."

"ఎట్ల పోతం? మనోల్లు రావాలె గద."

నేను కూర్చున్నాను. ఎండ ఎక్కింది. మెట్ల మీద నీడ చేరెడు మిగిలింది. నానమ్మ మజ్జిగ తెచ్చి, ఏమీ తిట్టకుండా ఇచ్చి పోయింది. తిట్టకపోవడంతో నాకు ఇంకా భయం వేసింది. మా గల్లీ ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, వేశారు, పోయారు. వయసు పిల్లల్లో పొద్దున వనజ వచ్చింది, కొత్తగా పెళ్ళయిన మొగుణ్ణి వెంటబెట్టుకుని. ఆ అబ్బాయిది మా ఊరు కాదు, లెక్కలోకి రాడు. ఆమె వెనక ఇంకొందరు ఒక్కొక్కరే వచ్చారు. ఆ తరువాత చాలాసేపు ఎవరూ రాలేదు. తాత తల ఎత్తడం, వచ్చేది వేరేవాళ్ళని చూసి దించడం.

నాలుగున్నరకు రెండు బండ్ల మీద జితేందర్, నితిన్, ఇంకో ఇద్దరు వచ్చారు. తాత ఒక్క ఉదుటున లేచాడు.

"రారా జితేందర్! లైన్ గూడ లేదు. రెండు నిమిషాల పని."

"ఉండు తాతా. ముందుగాల ఒక ఫోటో."

నలుగురూ ఆయన చుట్టూ చేరారు. "వేలు పైకి లేపు తాతా, గోరు కనవడాలె" అన్నాడు జితేందర్. తాత లేపాడు. ఓటేస్తారేమోనన్న ఆశకు ఆయన ఆ రోజు ఏం చెప్పినా చేసేవాడు. నాలుగు ఫోటోలు దిగారు. వాటిలో ఒకదానికి నవ్వమన్నారు. నవ్వాడు.

"ఇగ పోండ్రి లోపలికి" అన్నాడు.

"తాతా, తప్పుగ అనుకోకు" అన్నాడు జితేందర్ బండి ఎక్కుతూ. "పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఎయ్యబట్టినవ్ నువ్వు. నిన్నే బయటికి ఎల్లగొట్టిండ్రు. మమ్మల్ని ఎవడు ఖాతరు జేస్తడు?"

"నన్ను ఎల్లగొట్టలేరా. రూల్ ఉంది."

"అదే తాతా. నీకు రూలు, మాకు మోరీ."

నితిన్ మాత్రం గేటు వైపు రెండుసార్లు చూశాడు. వాడి పేరు లిస్టులోకి ఎక్కించడానికి తాత వాడి గుమ్మంలో ఎంతసేపు కూర్చున్నాడో వాడికి గుర్తున్నట్టే ఉంది. "మల్ల వస్త తాతా" అన్నాడు. బండి కదిలింది. వాడు రాలేదు.

ఆరు గంటలకు బడి గేటు మూశారు. లోపల పెట్టెలు మూసి సర్దుతున్న చప్పుడు రోడ్డు దాకా వినబడింది. తాత ఇంకాసేపు గేటునే చూస్తూ కూర్చున్నాడు.

"ఎందరైండ్రు?" అని అడిగాడు.

"పదమూడు తాతా" అన్నాను. పోయినసారి కంటే రెండు ఎక్కువ ఉంటే ఈ రాత్రికి అన్నమైనా తింటాడని.

"నీతోని గలిపి ఏడు" అన్నాడు. "నేను గూడ లెక్కబెడుతనే ఉన్న."

నేను తల దించుకున్నాను. ఆయన గోరు కోసుకున్న వేలును ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా అన్నాడు:

"సిందూ, నేను ఆ ఫోన్లకు ఎక్కకపోతే ఆ పదకొండు మందన్న వచ్చెటోల్లేమో గద?"

కాదు తాతా అని చెప్పాలనుకున్నాను. కానీ అప్పటికే ఒక అబద్ధం పట్టుబడి ఉంది.